జాబితాలో లేని దీవి

కుసుయె పట్టణ కార్యాలయంలో అరిమురా తజుకో పేరెత్తితే జనానికి ముందు గుర్తొచ్చేది ఆవిడ ముఖం కాదు, ఒక ఎర్ర అక్షరాల హెచ్చరిక: “జాబితాలో ఉన్నదాన్నే ఎంచుకోండి.” సెలవు కావాలన్నా, విరిగిన కుర్చీకి బదులు కుర్చీ కావాలన్నా, ఏ ఫారం తెరిచి ఏ గడిలో వేలు పెట్టినా ఆ మాట ఎదురొచ్చి నిలబడేది. సిబ్బంది విభాగంలో ఉన్న కాలంలో ఆవిడ చేసిన షీట్లే ఇప్పటికీ అన్ని విభాగాల్లోనూ తిరుగుతున్నాయి. గడి పక్కన చిన్న బాణం, నొక్కితే కిందికి దిగే జాబితా, అందులో లేని మాట టైపు చేస్తే ఎర్ర హెచ్చరిక. సముద్రపు పోటుకు ఊరు కట్టుకున్న గోడలో పగుళ్ళున్నాయి గానీ తజుకో కట్టిన గడుల్లో లేవని చెప్పుకునేవారు. మెచ్చుకుని అన్న మాటేమీ కాదు.

అలాంటి మనిషి ఈ నవంబరులో తన కోరికల పత్రం తెరిచి, బాణం నొక్కి, జాబితా పై నుంచి కిందికి, కింది నుంచి పైకి రెండుసార్లు చదివింది. ఆవిడకు కావలసింది అందులో లేదు. దాన్ని అందులోంచి తీసేసింది కూడా ఆవిడే.

కోరికల పత్రానికి అసలు పేరు పొడుగైనది, ఎవరూ వాడరు. వచ్చే ఏప్రిల్‌లో ఏ విభాగానికి వెళ్ళాలనుకుంటున్నారో ప్రతి ఉద్యోగీ ఏటా నవంబరులో అందులో చెప్పుకోవాలి. చెప్పుకున్నంత మాత్రాన పంపుతారని కాదు. మూడేళ్ళకోసారి అందరినీ కదిలించడం ఇక్కడి ఆచారం. పన్నుల్లో ఆరితేరినవాణ్ణి తీసుకెళ్ళి శ్మశానాల విభాగంలో కూర్చోబెడతారు, శ్మశానాల్లో కుదురుకున్నవాణ్ణి పర్యాటకానికి తోలుతారు. దీనివల్ల ఎవరికీ ఏ పనీ పూర్తిగా రాదు, అందరికీ అన్ని పనులూ కాస్త కాస్త వస్తాయి. దానికే అనుభవం అని పేరు పెట్టుకున్నాం.

తజుకో చేయి పడక ముందు ఆ పత్రంలో ఎవరికి తోచింది వాళ్ళు రాసేవాళ్ళు. పన్నుల విభాగంలో ఒకాయన “ఎక్కడైనా సరే, మా ఆఫీసరు దగ్గు వినబడనంత దూరం” అని రాశాడు. నీటి సరఫరాలో ఒకావిడ “కిటికీ” అని ఒక్క మాట రాసి ఊరుకుంది. ముగ్గురు పశుపోషణ విభాగాన్ని కోరారు. ఆ విభాగాన్ని ఎత్తేసి అప్పటికే చాలా ఏళ్ళయింది. కానీ వాళ్ళు ఏటా పాత పత్రాన్నే తెరిచి, అందులో ఉన్నది కాపీ చేసి, కొత్తదాంట్లో పేస్టు చేసి, సంతకానికి బదులు తమ పేరు ముద్ర కొట్టి పంపేవాళ్ళు. కొత్తగా రాస్తే తప్పు దొర్లవచ్చు, నిరుడు పైకి వెళ్ళి చీవాట్లు లేకుండా తిరిగొచ్చిన మాటలో తప్పు పట్టేవాడెవడు? మా కార్యాలయాలన్నీ ఈ ఒక్క ధైర్యం మీదే నడుస్తాయి.

ఆ చెత్తంతా ఏరి పట్టిక కట్టే పని తజుకోది. అందుకే గడికి జాబితా తగిలించింది. టైపు చేసేవాళ్ళు ఆగిపోయారు. పేస్టు చేసేవాళ్ళు ఆగలేదు. ఈ స్ప్రెడ్‌షీట్లలో ఉన్న తిరకాసే అది. గడి టైపు చేసేవాణ్ణి నిలదీస్తుంది గానీ పేస్టు చేసేవాణ్ణి చూసి పక్కకి తప్పుకుంటుంది. పైగా పేస్టు పడగానే బాణం, జాబితా, హెచ్చరిక మూడూ చెప్పాపెట్టకుండా మాయమవుతాయి. ఆవిడ షీటు మొత్తానికి పాస్‌వర్డ్‌తో తాళం వేసి, జవాబు గడుల్ని మాత్రం తెరిచి ఉంచింది. పక్కనే ఇంకో గడి పెట్టి, జవాబు జాబితాలో లేనిదైతే ఎర్ర అడ్డగీత పడేలా చేసింది. అక్టోబరులో అన్ని విభాగాలకూ అరగంట తరగతి పెట్టి, “పేస్టు చేయకండి” అని బొమ్మలు వేసి మరీ చెప్పింది. అందరూ శ్రద్ధగా తలలూపారు. కొందరు నిద్రలో కూడా ఊపుతూనే ఉన్నారు.

ఆ ఏడాదే ఇవాకిరి వ్యవహారం జరిగింది. రోడ్ల విభాగంలో కొత్తగా చేరిన ఇవాకిరి ఒకరోజు పరుగెత్తుకుంటూ వచ్చాడు.

“అరిమురా గారూ, చచ్చానండీ. డిలీట్ కొట్టినా పోవట్లేదు.”

“ఏం పేస్టు చేశావ్?”

“మా విభాగం మధ్యాహ్నం భోజనాల ఆర్డరు నేనే చూస్తాను కదండీ. ఆ షీటు, ఈ షీటు రెండూ తెరిచి ఉన్నాయి. ఇందులో పడాల్సింది అందులో, అందులో పడాల్సింది...”

తజుకో తెర వైపు చూసింది. వచ్చే ఏప్రిల్‌లో మీరు కోరుకునే స్థానం అన్న గడిలో ఒక డబ్బా భోజనం పేరుంది: చికెన్ కరాగె బెంతో, అన్నం ఎక్కువ.

మామూలు షీట్లలో గడులన్నీ పుట్టుకతోనే తాళంతో పుడతాయి. షీటుకు కాపలా పెట్టేదాకా ఆ సంగతి బయటపడదు. అలాంటి గడిని తెచ్చి కాపలా ఉన్న షీటులో పేస్టు చేస్తే, అది తన తాళాన్ని కూడా వెంట తెచ్చుకుని కూర్చుంటుంది. కూర్చున్నాక లేవదు.

“పంపేశావా?”

“పంపాకే చూసుకున్నానండీ. అందినట్టు ముద్ర కూడా పడిపోయింది.”

“అయితే అదే నీ కోరిక.”

“నవ్వులాట కాదండీ!”

“నేనేమైనా నవ్వుతున్నానా?”

నవ్వడం లేదు. పేస్టు చేసేవాళ్ళకు ఒక్కసారైనా బుద్ధి రావాలని పట్టుబట్టి, “అందినట్టు ముద్ర పడిన పత్రంలో ఏముందో అదే ఆ ఉద్యోగి కోరిక, మార్చడానికి వీల్లేదు” అని ఒక నోటు రాసింది. అప్పుడే సెక్షన్ ఆఫీసరుగా వచ్చిన నుకాగా, చదివాడో లేదో గానీ, కింద తన ఎర్ర ముద్ర కొట్టాడు. తీరా పట్టిక కడితే మొత్తాల లెక్క కుదరలేదు. ఎర్ర గీత పడ్డ ఆ ఒక్క వరుసను చెరపడానికి లేదు, ఏ విభాగం కింద చూపడానికీ లేదు. దాన్ని అక్కడి నుంచి కదిలించే దారి ఒక్కటే. “నెరవేరినవి” అనే పట్టికలోకి మార్చాలి. అంటే కోరిక నెరవేర్చాలి. కరాగె బెంతోకి అతి దగ్గరగా ఉన్న ప్రభుత్వ శాఖ ఏదని నుకాగా ఒక పూటంతా ఆలోచించి, ఏప్రిల్‌లో ఇవాకిరిని బడిపిల్లల వంటశాలకు పంపాడు. మూడేళ్ళ గడువు దాటినా ఇప్పుడు అతను అక్కడి నుంచి కదలనంటున్నాడు. బుగ్గలు కూడా వచ్చాయి.

ఆ విజయం తరువాత తజుకో జాబితాను చెక్కడం మొదలుపెట్టింది. “ఇతరములు” తీసేసింది, ఎందుకంటే అందరూ అదే ఎంచుకుని పక్కన కవిత్వం రాసేవారు. “ఎక్కడైనా సరే” తీసేసింది, ఎందుకంటే అలా రాసినవాళ్ళెవరూ నిజంగా ఎక్కడికైనా పోయే రకం కాదు. చివరికి ఇంకో నియమం ప్రతిపాదించింది: ఐదేళ్ళుగా ఒక్కరూ కోరుకోని స్థానాన్ని జాబితాలోంచి తొలగించాలి. పై అధికారులు మెచ్చుకున్నారు. రెండు మూడు పేర్లు రాలిపోయాయి. వాటిలో ఒకటి తొమారి దీవి శాఖా కార్యాలయం.

తొమారి ఆవిడ సొంత ఊరు. మొగుడు కియొహారు అక్కడే చిరుచేపలు ఉడికించి ఎండబెట్టే పని చేస్తాడు. దీవికి పోయే ఆఖరి పడవ నాలుగూ నలభైకి కదులుతుంది. కార్యాలయం మూసేది ఐదుంబావుకి. ఆ కాస్త తేడా కోసం ఇరవై ఏళ్ళకు పైగా ఆవిడ పట్టణంలో ఒక చిన్న గది అద్దెకు తీసుకుని, శుక్రవారాల్లో గంట సెలవు పెట్టి పడవెక్కి, సోమవారం ఎండుచేపల వాసనతో బల్ల దగ్గరికి వచ్చేది.

దీవి కార్యాలయం అంటే ఒక గది, ఒక కిటికీ, ఒక గుమస్తా. నగావొ అనే పెద్దమనిషి ఆ కుర్చీలో ఎన్నేళ్ళుగానో కూర్చుని ఉన్నాడు. మూడేళ్ళ నియమం ఆ దీవి దాకా పడవెక్కి పోలేదు, ఎందుకంటే ఆయన బదులు వెళ్తామన్నవాళ్ళెవరూ లేరు. ఆ నగావొ వచ్చే మార్చిలో రిటైరవుతున్నాడు. తజుకోకి ఆ తరువాత మిగిలేది మూడేళ్ళ సర్వీసు. ఆ ఏప్రిల్‌లో కుర్చీలోకి వేరేవాళ్ళు వచ్చారంటే మళ్ళీ అది ఖాళీ అయ్యేసరికి ఆవిడ పింఛను పుచ్చుకుంటూ ఉంటుంది. ఈ నవంబరు దాటితే ఆ గది ఆవిడకు లేనట్టే.

శనివారం దీవిలో, పళ్ళేల నిండా ఆరబెట్టిన చేపల్ని తిరగేస్తూ కియొహారు అంతా విన్నాడు.

“ఏంటే, ఆ జాబితా చేసింది నువ్వే కదా?”

“నేనే.”

“మరి నువ్వు చేసినదాంట్లో మనూరెందుకు లేదు?”

“ఐదేళ్ళలో ఎవరూ కోరలేదు కాబట్టి.”

“ఎవరూ అంటే, నువ్వు కూడానా?”

ఆ ఐదేళ్ళూ ఆవిడ తన పత్రంలో “ప్రస్తుత స్థానమే” అని ఎంచుకుంటూ వచ్చింది.

“నగావొ గారు ఆ కుర్చీలో కూర్చుని ఉండగా అది నాక్కావాలని ఎలా రాస్తాను? బావుంటుందా?”

“అవును మరి. ముసలాయన ఎప్పుడు లేస్తాడా అని ఇన్నేళ్ళు కాచుకుని కూర్చోవడం మర్యాద. ఆ ముక్క రాస్తే అమర్యాద.” కియొహారు ఒక చేపను తీసి నోట్లో వేసుకున్నాడు. “పోనీ ఇప్పుడు చేర్చు. నీ జాబితాయే కదా.”

“తాళం ఉంది.”

“తాళం ఎవరు వేశారు?”

“నేనే.”

“మరి తియ్యి.”

“తాళంచెవి నా దగ్గర లేదు.”

అది కూడా ఆవిడ చేతి చలవే. సిబ్బంది విభాగం నుంచి జనన మరణాల నమోదు కిటికీకి బదిలీ అయినప్పుడు, తన తరువాత వచ్చిన కదొవాకికి పాస్‌వర్డ్ అప్పగిస్తూ, “వెంటనే మార్చెయ్యండి, ఇక మీదట నాకు కూడా తెలియకూడదు” అని చెప్పింది. ఆ మాట నియమావళిలో కూడా ఎక్కించింది. కదొవాకి బుద్ధిమంతుడు, ఆ రోజే మార్చేశాడు. మరుసటి ఏడాది ఉద్యోగం మానేసి కొండల్లోకి పోయి రొట్టెల దుకాణం పెట్టుకున్నాడు. అతను వదిలి వెళ్ళిన అప్పగింత కాగితంలో పాస్‌వర్డ్ అన్న చోట “గత సంవత్సరం మాదిరిగానే” అని ఉంది. అందుకే పత్రం పైన ఉన్న సంవత్సరం ఇప్పటికీ చక్రవర్తి యుగం లెక్కన రెయ్‌వా మూడు దగ్గరే ఆగిపోయింది. ఇప్పుడు నడుస్తున్నది ఆరు. ఏటా ఉద్యోగులందరూ పత్రాన్ని కాగితం మీద ముద్రించి, మూడు మీద రెండు గీతలు కొట్టి, ఆ గీతల మీద తమ ముద్ర వేసి, పక్కన అసలు సంవత్సరం రాస్తారు. ఎవరికీ ఇది వింతగా లేదు. కొత్తగా చేరినవాళ్ళకు మొదటి వారంలో నేర్పే పనుల్లో ఇదొకటి.

తజుకో సోమవారం కదొవాకికి ఫోన్ చేసింది.

“అరిమురా గారా! ఎంతకాలానికి! పాస్‌వర్డా? అదా... అప్పట్లో నేనొక అమ్మాయితో తిరిగేవాణ్ణండీ, ఆవిడ పుట్టినరోజు.”

“ఎప్పుడు?”

“అది గుర్తుంటే ఆవిడ నన్నెందుకు వదిలేస్తుంది?”

కంప్యూటర్ల విభాగం వాళ్ళకు తాళం పగలగొట్టడం వచ్చు. దానికి దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ దరఖాస్తులో “కారణం” అన్న గడికి జాబితా ఉంది, జాబితాలో “పాస్‌వర్డ్ పోయింది” అన్నది లేదు. ఆ దరఖాస్తు నమూనా కూడా తజుకోదే. అప్పట్లో వాళ్ళు వచ్చి అడిగి మరీ చేయించుకున్నారు.

ఇక మిగిలింది నుకాగా. ఒక చుట్టు బదిలీ తిరిగి మళ్ళీ సిబ్బంది విభాగానికే ఆఫీసరుగా వచ్చాడు. మధ్యాహ్నం టీ వేళకు ఆవిడ అతని బల్ల ముందు నిలబడింది.

“దీవికి వెళ్ళాలనుకుంటున్నానండీ.”

నుకాగా పళ్ళ సందులోంచి గాలి లోపలికి పీల్చాడు.

“కష్టమేనండీ.”

మా ఊళ్ళో ఆఫీసరు కష్టమన్నాడంటే కొంచెం కష్టపడితే అవుతుందని కాదు. ఇక ఇంటికి పోవచ్చని.

“జాబితాలో లేదని కదా? నోటితో చెబుతున్నాను, మీరు రాసుకోండి.”

“అరిమురా గారూ, జాబితాలో లేనిది కోరికే కాదు. మీ తరగతిలో మొదటి బొమ్మ అదే, నాకు బాగా గుర్తు. మీరు ‘ప్రస్తుత స్థానమే’ అని పెట్టేయండి. నేను మనసులో పెట్టుకుంటాను.”

నుకాగా మనసులో ఉన్నవాళ్ళందరూ ఒక వంతెన మీద చేరితే అది కూలుతుంది. పైగా అతని మనసులో ఆ దీవికి అప్పటికే ఒకతను ఉన్నాడని తజుకో విన్నది. వంతెనల విభాగంలో పట్టణ మండలి సభ్యుడికి ఎదురు మాట్లాడిన కుర్రాడు. అతనికి అది శిక్ష. ఆవిడకు కావలసింది మాత్రం సరిగ్గా ఆ శిక్షే. ఇదీ మా పరిపాలన: శిక్షగా పంపడానికి ఏ జాబితా అక్కర్లేదు, కోరి వెళ్ళడానికి మాత్రం జాబితాలో పేరుండాలి.

గురువారం పన్నెండయింది. కరెంటు పొదుపు కోసం హాల్లో దీపాలు ఆర్పేశారు. అందరూ చీకట్లో బల్లల మీద వాలి తింటున్నారు, సగం మంది కునుకు తీస్తున్నారు. తజుకో ఉమెబోషి, అంటే ఊరవేసిన పుల్లటి పండు, పెట్టిన అన్నపు ముద్దను సగం తిని పక్కన పెట్టి, కోరికల పత్రం తెరిచింది. ఇంకో పక్క కార్యాలయాల ఫోన్ నంబర్ల షీటు తెరిచింది. అందులో అట్టడుగున, తొమారి దీవి శాఖా కార్యాలయం. ఆ గడిని కాపీ చేసింది.

పేస్టు చేయాలంటే రెండు మీటలు నొక్కాలి. ఆ రెండు మీటలకు వ్యతిరేకంగా ఆవిడ అన్నేళ్ళు ఉపన్యాసాలిచ్చింది. పక్క బల్ల మీద ఎవరో గురక పెట్టారు. ఆవిడ దొంగతనం చేస్తున్నదానిలా అటూ ఇటూ చూసి, నొక్కింది.

బాణం పోయింది. జాబితా పోయింది. గడిలో తొమారి దీవి కూర్చుంది. పక్క గడిలో ఎర్ర అడ్డగీత లేచి నిలబడింది. పరీక్షకని డిలీట్ కొట్టి చూసింది. పోలేదు. ఈ గడికి తాళం ఉందని తెర చెప్పింది. తన తాళం తననే లోపలికి రానివ్వకపోవడం చూసి, పనితనం గట్టిదేనని ఆవిడకు ఒక్క క్షణం ముచ్చట కూడా వేసింది.

ముద్రించి, రెయ్‌వా మూడు మీద రెండు గీతలు కొట్టి, ముద్ర వేసి, ఆరు అని రాసి, ఫైలు పంపి, కాగితం తీసుకెళ్ళి సిబ్బంది విభాగంలో ఇచ్చింది. అక్కడి అమ్మాయి సంవత్సరం దిద్దిన చోట ముద్ర ఉందో లేదో జాగ్రత్తగా చూసి, మిగతాది చూడకుండా, అందినట్టు ముద్ర కొట్టింది.

సోమవారం నుకాగా నుంచి పిలుపు వచ్చింది.

“అరిమురా గారూ, మీ గడి ఎర్రగా ఉంది.”

“అవునండీ.”

“మీ గడి! ఎర్రగా!” అతని గొంతులో కోపం కన్నా దిగులే ఎక్కువ. గుడి పూజారి చెప్పులతో గర్భగుడిలోకి నడిచొస్తే చూసినవాడిలా ఉన్నాడు. “పొరపాటున పడిందనుకుంటాను. ఇంకో ఖాళీ పత్రం ఇస్తాను, పాతది చించేద్దాం.”

“ముద్ర పడిందండీ. ముద్ర పడిన పత్రంలో ఏముందో అదే ఆ ఉద్యోగి కోరిక. ఇవాకిరికి మనం అలాగే చేశాం.”

“మనమా? మీరు చేశారు.”

“ముద్ర మీది.”

నుకాగా మళ్ళీ గాలి పీల్చాడు, ఈసారి ఇంకా పొడుగ్గా. తరువాత అతని ముఖం తేటపడింది.

“ఆ నోటు ఎక్కడుందండీ? చూపించండి, అలాగే చేద్దాం. ఐదేళ్ళు నిండిన కాగితాలన్నీ మొన్న వేసవిలో గుజ్జుగా కరిగించేశారు కదా.”

కాగితం లేకపోతే జరిగింది కూడా లేనట్టే. తజుకోకి ఆ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. కిటికీ దగ్గరికి తిరిగొచ్చి కూర్చుంది. చావు నమోదుకు వచ్చిన ఒకాయన తేదీ తప్పు గడిలో రాస్తే, ఆవిడ జీవితంలో మొదటిసారి ఏమీ అనకుండా తీసుకుంది. ఆయన వెళ్ళాక పక్కావిడ కంగారుగా అడిగింది, ఒంట్లో బాగుందా అని.

అయితే కార్యాలయంలో కబురు పాకడానికి ఏ షీటూ అక్కర్లేదు. ఆ సాయంత్రం మూడున్నరకి ఇవాకిరి తెల్ల టోపీతోనే కిటికీ ముందుకొచ్చి నిలబడ్డాడు.

“అరిమురా గారూ, మీరు ఏ బెంతో పెట్టారండీ?”

వెనక వరుసలో ఉన్న ముసలమ్మ ఇది భోజనాల కిటికీనా అని పక్కవాళ్ళను అడిగింది.

“పనుంటే చెప్పు, లేకపోతే వెళ్ళు.”

“అన్నం ఎక్కువా, మామూలా?”

“ఇవాకిరీ.”

“నవ్వట్లేదండీ. ఆరోజు మీరు నవ్వారా? నేనూ నవ్వను.” అతను పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. చంకలో గుడ్డతో చుట్టిన ఏదో పలక ఉంది. దాన్ని కిటికీ అరుగు మీద పెట్టి విప్పాడు. చట్రం కట్టించిన కాగితం. నూనె పొగకు అద్దం పసుపెక్కింది. ఒక మూల సోయా సాస్ చుక్క. దాని కింద తజుకో రాసిన వాక్యం, ఆ కింద నుకాగా ఎర్ర ముద్ర.

“ఇది నీ దగ్గరెందుకుంది?”

“నాకిచ్చిన ప్రతి అండీ. వంటశాల గోడకి, ఈ వారం భోజనాల పట్టిక పక్కన పెట్టుకున్నా. ఎవరైనా ఇక్కడికెలా వచ్చావని అడిగితే చూపిస్తా. నోటితో చెబితే నమ్మరు.” ఇవాకిరి గొంతు తగ్గించాడు. “నిజం చెప్పనా? మూడు నెలలు మిమ్మల్ని తిట్టుకున్నాను. తరువాత కూరలో పడ్డాను, మర్చిపోయాను.”

తజుకో కృతజ్ఞత చెప్పాలనుకుంది. నోట్లోంచి వచ్చింది మాత్రం ఇది: “అద్దం తుడవకూడదూ?”

“తుడిస్తే పాతదిలా కనబడదండీ.”

ఇద్దరూ కలిసి సిబ్బంది విభాగానికి వెళ్ళారు. నుకాగా చట్రాన్ని రెండు చేతులతో పుచ్చుకుని, దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు. మనిషి తన మాటను కాదనగలడు, తన సంతకాన్ని గుర్తులేదనగలడు. ముద్రను ఏమీ అనలేడు. ముద్ర బల్ల సొరుగులోనే ఉంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసి పోల్చుకోవచ్చు.

“ఇందులో సోయా సాస్ ఉంది,” అన్నాడు చివరికి.

“ముద్ర మీద పడలేదండీ,” అన్నాడు ఇవాకిరి.

వెంటనే ఏమీ తేలలేదు. తేలితే అది కార్యాలయమే కాదు. డిసెంబరు, జనవరి గడిచాయి. నుకాగా ఎదురుపడితే వంగి నమస్కరించి గోడవైపు చూస్తూ పోయేవాడు. కియొహారు ప్రతి శనివారం ఒకే ప్రశ్న అడిగేవాడు, “ఇంకా ఎర్రగానే ఉన్నావా?” అని. ఫిబ్రవరిలో పట్టిక పై అధికారులకు పోవలసిన రోజు దగ్గరపడింది. మొత్తాలు కుదరలేదు. ఒక వరుస ఎర్రగా ఉంది. చెరపడానికి తాళం, తాళం తీయడానికి దరఖాస్తు, దరఖాస్తులో కారణం లేదు. నుకాగాకి తజుకో మీద జాలి కలిగిందని గానీ, మొగుడూ పెళ్ళాలు ఇన్నేళ్ళు వేరుగా ఉండటం తప్పని తోచిందని గానీ అనుకోనక్కర్లేదు. మానవత్వం గురించి పెద్ద మాటలు ఏప్రిల్ మొదటి రోజున పట్టణాధ్యక్షుడు ఎలాగూ చెబుతాడు. నుకాగాకి కావలసింది మొత్తాలు కుదరడం. ఆ వరుసను “నెరవేరినవి” లోకి మార్చాడు. లెక్క సరిపోయింది. వంతెనల కుర్రాణ్ణి శ్మశానాలకు పంపాడు.

మార్చి ఆఖరులో ఉత్తర్వు చదివినప్పుడు హాలంతా తజుకో వైపు జాలిగా చూసింది. పాపం, ఎవరికి ఎదురు మాట్లాడిందో అని గుసగుసలు పోయారు. ఆవిడ ముఖం ఎటూ కదలకుండా వంగి నమస్కరించింది.

తొమారి గదిలో నగావొ వదిలి వెళ్ళినవి ఒక కిరోసిన్ పొయ్యి, ఒక సిరా మెత్త, అప్పగింత కాగితం. కాగితంలో ఒకే వాక్యం ఉంది: ప్రత్యేకించి చెప్పవలసిందేమీ లేదు. మొదటి రోజు ఉదయం నుంచి ఎవరూ రాలేదు. నాలుగు దాటాక తలుపు పక్కకి జరిగింది. రబ్బరు బూట్లతో కియొహారు లోపలికి వచ్చాడు.

“నివాస పత్రం కావాలి. చేపల సంఘానికివ్వాలి.”

“ఆ బల్ల మీద ఫారం ఉంది. నింపి ఇవ్వండి.”

“ఇవ్వండా? ఏంటే, నన్ను ‘మీరు’ అంటున్నావ్?”

“కార్యాలయం.”

కియొహారు గొణుక్కుంటూ కళ్ళు చికిలించి నింపి తెచ్చాడు. తజుకో చదివింది. పేరు రాయవలసిన గడిలో ఊరు రాశాడు, ఊరు రాయవలసిన గడిలో పేరు.

“తప్పు గడిలో రాశారు.”

“నేనెవరో నీకు తెలీదా? నా ఊరేదో తెలీదా?”

“రెండు గీతలు కొట్టి, మీద ముద్ర వేయాలి.”

“ముద్ర ఇంటి దగ్గరుంది.”

“తీసుకురండి.”

కియొహారు ఆవిడ ముఖంలోకి చూశాడు. వేళాకోళమేమో అని ఆశగా కాసేపు చూశాడు. అవతలి ఒడ్డున పట్టణం రేవులో నాలుగూ నలభై పడవ వేసిన కూత నీళ్ళ మీదుగా సన్నగా వినబడింది. ఇద్దరూ అలవాటు కొద్దీ గోడ గడియారం వైపు తలెత్తారు.

“ఐదుంబావు దాకా ఇక్కడే ఉంటాను,” అంది తజుకో. “నెమ్మదిగా రా.”

అతను తిట్టుకుంటూ మెట్లెక్కిపోయాడు. ఆవిడ ఆ ఫారాన్ని ముందుకు లాక్కుని, పేరు గడీ ఊరు గడీ మనుషులు కలిపేయకుండా ఏం చేయవచ్చో ఆలోచిస్తూ కూర్చుంది.